కెమిస్ట్రీ సార్ ఎట్ల చెప్తడు?

నిజామాబాద్ బస్టాండు నుంచి డిచ్‌పల్లి దిక్కు పోయే బస్సుల్లో, గిరిరాజ్ కాలేజీ బయట చాయ్ బండ్ల దగ్గర, అడ్మిషన్ల కాలం రాగానే ఒక ప్రశ్న చెవిన పడుతూ ఉంటుంది. కొత్తగా చేరిన పిల్లలు సీనియర్లను పట్టుకుని అడిగే ప్రశ్న: "అన్నా, కెమిస్ట్రీ సార్ ఎట్ల చెప్తడు?" జవాబులు కూడా ఏళ్ల తరబడి పెద్దగా మారినట్టు లేవు. "మంచిగ చెప్తడు." "చెప్తడు గని సమజ్ కాదు." "నోట్స్ ఇస్తడు, గది చదివితె పాస్." "స్ట్రిక్టు. రికార్డు టైముకు పెట్టకపోతె ఇంటర్నల్స్‌ల కోస్తడు." అంతే. ఒక మనిషి పట్టాలు, పరిశోధన, ఏళ్ల తరబడి బోర్డు ముందు నిలబడ్డ అనుభవం అన్నీ నాలుగైదు మాటల్లో తేలిపోతాయి. ఆయన మొదటి క్లాసుకు ఇంకా రాకముందే ఆయన మీద అభిప్రాయం వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటుంది. ఇందులో తప్పేముంది, పిల్లలన్నాక మాట్లాడుకోరా? మాట్లాడుకుంటారు, మాట్లాడుకోవాలి కూడా. నన్ను తొలిచేది వేరే సంగతి. ఆ జవాబుల్లో మనిషి ఉన్నాడు, నోట్స్ ఉన్నాయి, మార్కులు ఉన్నాయి, రికార్డు ఉంది. రసాయన శాస్త్రం మాత్రం ఎక్కడా లేదు. ఒక కోర్సు మీద ఇంత ధీమాగా చెప్పే అభిప్రాయంలో ఆ కోర్సే లేకపోతే, ఇంతకీ ఆ అభిప్రాయం దేని గురించి?

కాస్త నింపాదిగా చూస్తే ఆ నాలుగు జవాబులూ ఒకే సార్ గురించి కావచ్చు, ఒకే క్లాసు గురించి కూడా కావచ్చు. కార్పొరేట్ కాలేజీలో రెండేళ్లు బిట్లు నూరి వచ్చిన కుర్రాడికి చర్యా విధానాన్ని అడుగడుగునా బోర్డు మీద గీసి చూపించే ప్రొఫెసర్ సాగదీస్తున్నట్టు అనిపిస్తాడు. జవాబు ఏదో చెప్పేస్తే అయిపోయేదానికి ఇంత తతంగం దేనికని అతని విసుగు. వర్నిలోనో కోటగిరిలోనో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి వచ్చిన అమ్మాయికి అదే బోధన ఇంగ్లిష్‌లో సాగుతున్నందువల్ల చేజారిపోతూ ఉంటుంది. ఉత్ప్రేరకం అంటే ఆమెకు తెలుసు, కెటలిస్ట్ అన్న మాట రెండోసారి వినేలోపు బోర్డు తుడిచేస్తారు. ఇద్దరూ "సమజ్ కాదు" అనే అంటారు. ఒకరికి వేగం చాలలేదు, ఇంకొకరికి భాష అందలేదు. ఇద్దరి అసంతృప్తినీ కూడి సగటు తీస్తే వచ్చే అంకె ఆ ప్రొఫెసర్‌కు ఏం చెబుతుంది? వేగం పెంచమనా, తగ్గించమనా? ఇంత మామూలు చిక్కును కూడా మన ఫీడ్‌బ్యాక్ ఫారాలు చూసినట్టు కనిపించదు.

ఫారాలంటే గుర్తొచ్చింది. బస్సులో మాట ఇప్పుడు కాగితం ఎక్కింది, ఆ తర్వాత కంప్యూటరూ ఎక్కింది. 1994లో పుట్టిన న్యాక్, అంటే కాలేజీలకూ విశ్వవిద్యాలయాలకూ గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ, 2017లో తన పద్ధతి మార్చుకున్నప్పుడు విద్యార్థి సంతృప్తి సర్వే అని ఒకటి చేర్చింది. అందులో మొదటి ప్రశ్నే సిలబస్ ఎంత శాతం పూర్తయింది అని. 85 నుంచి 100 శాతమా, 70 నుంచి 84 శాతమా, అలా కిందికి. ఇది అడగవలసిన ప్రశ్నే, కాదనను. సిలబస్ సగంలో వదిలేసి పరీక్ష పెట్టడం మనకు తెలియని విద్య కాదు. కానీ 100 శాతం పూర్తి చేయడానికి ఒక సులువైన దారి ఉందని కాలేజీ గడప తొక్కిన ప్రతివాడికీ తెలుసు. చివరి రెండు వారాల్లో రెండు యూనిట్లు చదివి వినిపిస్తే చాలు. శాతం నిండుతుంది, గ్రేడు నిలబడుతుంది, పిల్లల బుర్రలోకి ఎంత వెళ్లిందో ఆ గడిలో పట్టదు. మరి ఎక్కడ పడుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి అమెరికా దాకా వెళ్లకముందు బోధన్ వెళ్దాం. 1931లో నిజాంసాగర్ పూర్తయి మంజీర నీళ్లు కాలువల్లోకి వచ్చాక, 1937లో అక్కడ నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. ఆసియాలోనే పెద్దదని చాలాకాలం పేరు. చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. చెరకు బండ్లు, ఆ తర్వాత ట్రాక్టర్లు, లారీలు కాంటా ముందు బారులు తీరేవి. కాంటా మీద తేలేది బరువు. ఆ బరువులో చక్కెర ఎంతో కాంటా చెప్పదు. రసం తీసి, సున్నం పెట్టి, గంధకం పొగ పట్టించి, కాచి, స్ఫటికం కట్టించి, మొలాసిస్‌ను వేరు చేసిన తర్వాత తేలేదాన్ని రికవరీ అంటారు. నూరు టన్నుల చెరకుకు పది టన్నుల అటూ ఇటూ. చెరకు ధరను కూడా ప్రభుత్వం ఫ్యాక్టరీ రికవరీతో ముడిపెట్టే కడుతుంది. సెమిస్టర్ చివర విద్యార్థి ఇచ్చే అభిప్రాయం నాకు కాంటా రీడింగులా కనిపిస్తుంది. అబద్ధం కాదు, అనవసరమూ కాదు. కాంటా లేకుండా ఏ ఫ్యాక్టరీ నడవదు. కాకపోతే రికవరీని కాంటా దగ్గరే ప్రకటించిన ఫ్యాక్టరీ ఏదీ లోకంలో లేదు. మనం విశ్వవిద్యాలయాల్లో చేస్తున్నది మాత్రం అదే.

చక్కెర ప్రస్తావన ఊరికే తేలేదు. డిగ్రీ కెమిస్ట్రీలో చర్యా వేగాల పాఠం తెరిస్తే ప్రథమ క్రమాంక చర్యకు ఉదాహరణగా దాదాపు ప్రతి పుస్తకంలోనూ చెరకు చక్కెర విలోమం ఉంటుంది. నీటిలో కరిగిన చక్కెర, ఆమ్లం సాయంతో గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతుంది. మొదట ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పే ద్రావణం మెల్లమెల్లగా ఎడమకు తిప్పడం మొదలుపెడుతుంది. 1850లో విల్‌హెల్మీ అనే జర్మన్ శాస్త్రవేత్త పోలారీమీటర్ పెట్టి ఈ మార్పును ఎప్పటికప్పుడు కొలిచి, చర్య ఎంత వేగంగా జరుగుతుందో గణిత సమీకరణంలో రాశాడు. రసాయన చర్యల వేగాన్ని కొలిచే శాస్త్రం అక్కడి నుంచే మొదలైందంటారు. ఇప్పుడు ఆ పాఠం బోధన్ చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన పిల్లలున్న తరగతి గదిలో చెబుతున్నారనుకోండి. నరికిన చెరకు రెండు మూడు రోజులు ఎండలో పడి ఉంటే రికవరీ పడిపోతుందని వాళ్ల ఇళ్లలో తెలుసు. కటింగ్ ఆర్డర్ ఆలస్యమైనా, లారీ దొరకకపోయినా, ఫ్యాక్టరీ గేటు ముందు లైను కదలకపోయినా చెరకులో జరిగేది ఇంచుమించు ఈ విలోమమే. అక్కడ ఆమ్లంతో పాటు చెరకులోని ఎంజైములు, సూక్ష్మజీవులు పనిచేస్తాయి. విడిపోయిన చక్కెర మళ్లీ స్ఫటికం కట్టదు, మొలాసిస్‌లో కలిసిపోతుంది. రసానికి సున్నం పెట్టేది కూడా పులుపు విరిచి, కాచేటప్పుడు ఈ నష్టాన్ని ఆపడానికే. బోధన్‌కు దగ్గర్లోనే రుద్రూరులో చెరకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. చేతిలో పట్టే రిఫ్రాక్టోమీటర్‌తో రసం బ్రిక్స్, అంటే అందులో కరిగిన చక్కెర శాతం, చూడటం అక్కడి వాళ్లకు నిత్యం చేసే పని.

పుస్తకంలోని విలోమాన్నీ, ఎండలో పడి ఉన్న చెరకునూ ఒక్క మాటతో కలిపే ప్రొఫెసర్ ఉంటే ఆ పాఠం పిల్లల ఒంటికి పడుతుంది. కలపని ప్రొఫెసర్ కూడా సమీకరణాన్ని తప్పులేకుండా ఉత్పాదించి, లెక్క చేయించి, ముఖ్యమైన ప్రశ్న అని రెండు నక్షత్రాలు పెట్టించి వెళ్లిపోగలడు. విద్యార్థులు ఇద్దరికీ "మంచిగ చెప్తడు" అనే రాస్తారు. ఎందుకంటే తమకు అందనిది ఏమిటో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. వడ్డించనిదాని రుచి గురించి ఫిర్యాదు ఎలా వస్తుంది? ఇది విద్యార్థి తప్పు కాదు. ప్రశ్నలు రాసినవాళ్లు ఆలోచించని సంగతి. కోర్సులో ఏముందో విద్యార్థి చెప్పగలడు, ఏం లేకుండా పోయిందో చెప్పడం అప్పటికి అతని చేతిలో పని కాదు. పసుపుకూ ఇదే వర్తిస్తుంది. జాతీయ పసుపు బోర్డు నిజామాబాద్‌కు వచ్చింది, మార్కెట్ యార్డులో పసుపు కొమ్ముల్లోని కర్క్యుమిన్ శాతం మీద మాటలు నడుస్తుంటాయి. ఆ శాతాన్ని ఎలా తీస్తారో ఎన్ని కాలేజీల ప్రాక్టికల్స్‌లో చేయిస్తున్నారు? ఫీడ్‌బ్యాక్ ఫారం చూసి ఈ లోటును పసిగట్టడం ఎవరి తరమూ కాదు.

కాంటా, రికవరీ అని నేనేదో నా పోలికను పట్టుకుని వేలాడుతున్నానా? ఆధారం ఏదైనా ఉందా? ఉంది. అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థులను ప్రొఫెసర్ల మధ్య లాటరీ తీసినట్టు పంచుతారు, ఎవరికి ఎవరు కావాలో ఎంచుకునే వీలుండదు, పరీక్ష అందరికీ ఒకటే. కరెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు అక్కడి రికార్డులు తీసి 2010లో ఒక అధ్యయనం ప్రచురించారు. మొదటి కాలిక్యులస్ కోర్సులో పిల్లలకు మంచి మార్కులు తెప్పించి, వాళ్ల నుంచి మంచి రేటింగ్ తెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది అనుభవం తక్కువ ఉన్న ప్రొఫెసర్లు. అనుభవజ్ఞుల క్లాసుల్లో అప్పటికి మార్కులు తక్కువ, రేటింగూ తక్కువ. కానీ ఆ తర్వాత వచ్చే, దీని మీద ఆధారపడే పై కోర్సుల్లో మెరుగ్గా చేసినవాళ్లు ఈ రెండో రకం ప్రొఫెసర్ల శిష్యులే. ఎందుకలా? పరీక్షకు సరిపడేంత చెబితే పరీక్ష గట్టెక్కుతుంది. లోతు అప్పుడు బరువనిపించి తర్వాత పనికొస్తుంది. ఇంతకంటే విడ్డూరమైన ప్రయోగం ఒకటి 1970లో జరిగింది. ఒక నటుడికి "డాక్టర్ ఫాక్స్" అని పేరు పెట్టి, అర్థంలేని ఉపన్యాసం ఒకటి నేర్పించి, మానసిక వైద్యుల ముందు నిలబెట్టారు. చతురంగా, ధీమాగా మాట్లాడాడు. శ్రోతల్లో ఎక్కువమంది మెచ్చుకుంటూ ఫారాలు నింపారు. వాళ్లు మొదటి సంవత్సరం పిల్లలు కారు, వైద్యులు, విద్యావేత్తలు. కాబట్టి "పిల్లలకేం తెలుసు" అని ఎగతాళి చేయడానికి వీల్లేదు. చెప్పే తీరు చెప్పే సరుకును కప్పేయడం పెద్దల విషయంలోనూ జరుగుతుంది. చెప్పేది మేడమా సారా అన్నది కూడా లెక్కలోకి వస్తుందని 2015లో అచ్చయిన మరో అమెరికా అధ్యయనం తేల్చింది. ఆన్‌లైన్ కోర్సులో అదే బోధకులు మగ పేరుతో పాఠం చెబితే ఎక్కువ రేటింగ్, ఆడ పేరుతో చెబితే తక్కువ.

అయితే విద్యార్థుల అభిప్రాయం అడగడమే దండగ అనుకోవాలా? ఇక్కడే నాకు ఆగి ఆలోచించాలనిపిస్తుంది. ఇంతవరకు చెప్పినదాన్ని పట్టుకుని, పాఠం చెప్పకుండా రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లేవాడు కూడా నాదీ లోతైన బోధనే, పిల్లలకే అందలేదు అనగలడు. ఆ వాదనకు ఆయుధం అందించడం నా ఉద్దేశం కాదు. అందుకే న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో 2022లో జరిగిన గొడవను రెండు వైపుల నుంచీ చూడాలి. మెయిట్‌లాండ్ జోన్స్ అప్పటికి 84 ఏళ్ల మనిషి. కర్బన రసాయన శాస్త్రంలో పేరున్న పాఠ్యపుస్తకం రాసినవాడు, ప్రిన్స్‌టన్‌లో చాలాకాలం చెప్పి రిటైరై, ఏడాదికేడాది ఒప్పందం మీద న్యూయార్క్‌లో చెబుతున్నాడు. ఆయన క్లాసులో ఉన్న 350 మందిలో 82 మంది ఒక విజ్ఞప్తి మీద సంతకం పెట్టారు. మేము పడ్డ కష్టం మార్కుల్లో కనిపించడం లేదన్నారు, పరీక్షల సంఖ్య తగ్గించారన్నారు, సాయం అడిగితే చులకనగా మాట్లాడతారన్నారు. కొత్త విద్యాసంవత్సరం మొదలవబోతుండగా విశ్వవిద్యాలయం ఆయన ఒప్పందాన్ని రద్దు చేసింది. ఆయనేమో, పిల్లల ఏకాగ్రత పదేళ్లుగా తగ్గుతూ వచ్చిందని, కోవిడ్ తర్వాత మరీ దిగజారిందని, ప్రశ్న సరిగ్గా చదవకుండానే జవాబు రాస్తున్నారని చెప్పాడు. కోవిడ్ కాలంలో పాఠాలు రికార్డు చేయించడానికి సొంత డబ్బు కూడా పెట్టాడు. పత్రికల్లో ఈ వార్త రాగానే లోకం రెండుగా చీలింది. పిల్లలు సుకుమారులైపోయారని ఒకరు, ముసలాయనకు కాలం చెల్లిందని ఇంకొకరు. ఈ రెండు అరుపుల కింద కప్పబడిపోయిన చిన్న విషయం ఒకటుంది. ఆ విజ్ఞప్తిలో ఆయన్ను తీసేయమని ఎవరూ అడగలేదు.

ఆ ఫిర్యాదులను విడదీసి చూస్తే నా వాదం ఎక్కడ నిలబడుతుందో తెలుస్తుంది. పరీక్షలు తగ్గించారా, చులకనగా మాట్లాడారా అన్నవి విద్యార్థులు మాత్రమే సాక్ష్యం చెప్పగలిగినవి. ఆ గదిలో ఉన్నది వాళ్లే. పరీక్ష మరీ కఠినమా, కష్టానికి తగ్గ మార్కులు వచ్చాయా అన్నది వాళ్లు ఒక పక్షంగా మాట్లాడే విషయం. దాన్ని తేల్చాల్సింది అదే సబ్జెక్టు తెలిసిన మరో నలుగురు, ప్రశ్నపత్రం, జవాబు పత్రాలు ముందు పెట్టుకుని. విశ్వవిద్యాలయం ఈ రెంటినీ ఒకే మూట కట్టి, మూట మొత్తాన్ని తీర్పుగా తీసుకుంది. విద్యార్థి సాక్షి. సాక్షి మాట లేకుండా విచారణ జరగదు, సాక్షితో తీర్పు రాయించడమూ జరగదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే, కానీ ఇది మన దగ్గర అమలు చేయడానికి అడ్డంకులు చాలా ఉన్నాయి.

మొదటి అడ్డంకి ఉద్యోగ భద్రత. జోన్స్‌ది ఒప్పంద ఉద్యోగమన్న మాట మరచిపోకండి. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో పాఠం చెప్పే బరువు చాలావరకు ఒప్పంద, పార్ట్ టైం అధ్యాపకుల మీద ఉందన్నది బహిరంగ రహస్యం. క్రమబద్ధీకరణ కోసం వాళ్లు రోడ్డెక్కడం పేపర్లలో చూస్తూనే ఉన్నాం. డిచ్‌పల్లిలో 2006లో మొదలైన తెలంగాణ విశ్వవిద్యాలయం వయసులో చిన్నది. ఇలాంటి చోట పర్మనెంటు ప్రొఫెసర్‌కు చెడ్డ రేటింగ్ వస్తే ఫైల్లో ఒక కాగితం పెరుగుతుంది. అదే రేటింగ్ ఒప్పంద అధ్యాపకుడికి వస్తే వచ్చే ఏడాది అన్నమే పోతుంది. అలాంటప్పుడు ఆయన ఏం చేస్తాడు? ఇంటర్నల్స్‌లో చెయ్యి ధారాళం చేస్తాడు, ముఖ్యమైన ప్రశ్నలు ముందే చెబుతాడు, వైవాలో నవ్విస్తాడు. ఆయన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. కడుపు మీద వేలాడే కొలతను ఎవరైనా తమకు అనుకూలంగా వంచుకుంటారు. రెండో అడ్డంకి విద్యార్థుల వైపు నుంచి. పీజీ క్లాసులో పట్టుమని ఇరవై మంది. పేరు రాయొద్దంటారు, చేతిరాత ఎక్కడికి పోతుంది? ఆన్‌లైన్ అంటారు, హాల్‌టికెట్ నంబరుతో లాగిన్ కమ్మంటారు. ప్రాక్టికల్ మార్కులు ఆ సార్ చేతిలోనే ఉన్నాయి. ఇక అందరూ "ఎక్సలెంట్" మీద టిక్కు పెట్టి లేస్తారు. ఇలా ఒకరంటే ఒకరికి ఉన్న భయంతో పుట్టిన అంకెలు న్యాక్ నివేదికలోకి వెళ్లి గౌరవంగా కూర్చుంటాయి.

గురువును శిష్యుడు అంచనా వేయడమేంటి, కలికాలం కాకపోతే, అనే పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను తేలిగ్గా తీసిపారేయను. గౌరవం పోయిన తరగతి గదిలో ఎవరూ ఏదీ నేర్చుకోలేరన్నది నిజమే. కానీ బస్సులో ఆ అంచనా రోజూ జరుగుతూనే ఉంది కదా. మనం ఒప్పుకున్నా లేకున్నా ఆ మాట ఊరంతా తిరుగుతుంది, ఒక్క ఆ ప్రొఫెసర్ చెవికి తప్ప. ఆయన ఉపయోగించుకోగలిగిన ఒక్క మాటా ఆయనకు చేరకుండా, ఆయన్ను బాధించే మాటలన్నీ ఆయన వెనక చేరడంలో గౌరవం ఎక్కడుంది?

కాబట్టి ఏం అడగాలి? నాకైతే ల్యాబ్ నుంచి మొదలుపెట్టాలనిపిస్తుంది. కెమిస్ట్రీ అనేది చేత్తో నేర్చుకునే శాస్త్రం. ఈ సెమిస్టర్‌లో బ్యూరెట్ నువ్వు పట్టుకున్నావా, పక్కవాడు చేస్తే రీడింగులు రాసుకున్నావా? ఒక్క బ్యూరెట్‌కు ఎంతమంది? డిస్టిల్డ్ వాటర్ ఉందా, నల్లా నీళ్లతోనే కానిచ్చారా? గ్యాసు ఎన్ని వారాలు లేదు? సాల్ట్ అనాలిసిస్‌లో నీకు ఇచ్చిన లవణం ఏదో పరీక్షలు చేసి కనిపెట్టావా, ముందే తెలుసుకుని వెనక నుంచి రాసుకొచ్చావా? రికార్డు నీదా, సీనియర్ రికార్డుకు నకలా? టైట్రేషన్‌లో నీ రీడింగు తప్పొస్తే సార్ ఏమన్నారు, మళ్లీ చేయించారా, సరైన అంకె చెప్పి రాసుకోమన్నారా? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు ఒక్కటే ఆ ప్రొఫెసర్ గురించి ఇరవై టిక్కుల కంటే ఎక్కువ చెబుతుందని నా నమ్మకం. తప్పు రీడింగును తప్పుగానే రాయనిచ్చి, అది ఎందుకు వచ్చిందో వెతికించేవాడు శాస్త్రం నేర్పుతున్నాడు. మంచి అంకె చెప్పి రాయించేవాడు, పిల్లలకు ఎంత ఇష్టుడైనా, దొంగ లెక్క నేర్పుతున్నాడు. ఇలాంటి వాటికి అభిప్రాయం అక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెబితే చాలు. అది విద్యార్థి తప్ప ఇంకెవరూ చెప్పలేరు. ఈ జవాబుల్లో సగం ప్రొఫెసర్‌ను తప్పించి నేరుగా యాజమాన్యం మీద, నిధుల మీద వేలు చూపిస్తాయి కూడా. గ్యాసు సిలిండర్ రాకపోవడం సార్ బోధన లోపమెలా అవుతుంది? బహుశా అందుకేనేమో, ఇలాంటి ప్రశ్నలు ఫారాల్లో కనిపించవు.

ఏ భాషలో అడగాలన్నది కూడా చిన్న విషయం కాదు. క్లాసులో ఇంగ్లిష్ అందలేదని చెప్పుకోవాల్సిన పిల్లకు ఆ ఫారం ఇంగ్లిష్‌లోనే చేతికొస్తుంది. ఆ మాట రాయడానికి ఆమెకు ఏ భాష లేదో ఆ భాషలోనే రాయమంటాం. ఈ గడ్డ మీద ఒకప్పుడు ఇంకో సాహసం జరిగింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంగా మొదలైనప్పుడు, శాస్త్ర గ్రంథాలను అనువదించడానికి ఒక ప్రత్యేక విభాగాన్నే పెట్టుకుని రసాయన శాస్త్రం కూడా ఉర్దూలో చెప్పారు. అది తెలుగు పిల్లలకు మేలు చేసిందా అన్నది వేరే చర్చ, మెజారిటీకి అదీ పరాయి భాషే. తర్వాత తెలుగు అకాడమీ డిగ్రీ స్థాయి కెమిస్ట్రీని తెలుగులో అచ్చువేసింది. బోధన ఏ భాషలో ఉండాలన్న తగవు ఇప్పట్లో తెగదు. కనీసం అభిప్రాయమైనా తెలుగులో, బోధన్ లాంటి ఊళ్లలో ఉర్దూలో కూడా తీసుకోవడానికి ఎవరి అనుమతి కావాలి?

ఇక రికవరీ. కోర్సు ఎలా ఉందో అసలు చెప్పగలిగేది మూడేళ్ల తర్వాత అదే విద్యార్థి. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో రాత్రి షిఫ్టు చేస్తున్నవాడిని అడగండి, బాన్సువాడ దగ్గర బళ్లో పిల్లలకు ఆమ్లాలు క్షారాలు చెబుతున్న టీచరమ్మను అడగండి. నీకు ఏ పాఠం పనికొచ్చింది, ఏది లేక ఇబ్బంది పడ్డావు, ఎవరి మాట ఇప్పుడు అర్థమవుతోంది? అప్పుడు స్ట్రిక్టు అని తిట్టుకున్న సార్ పేరు వాళ్ల నోట వేరేగా రావచ్చు, రాకపోనూ వచ్చు. కొందరు కఠినులు ఉత్త కఠినులే. ఏళ్లు గడిస్తే అందరూ గొప్ప గురువులైపోతారన్న భ్రమ నాకు లేదు, పైగా పాత జ్ఞాపకానికి తీపి పూసుకునే గుణం ఉంది. అందుకే ఆ ఒక్కదాన్నీ నమ్మమనడం లేదు, గదిలో ఉన్నప్పటి సాక్ష్యాన్ని, ఆ తర్వాతి అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను. ఇంత ఆలస్యంగా తెలిస్తే ఏం లాభం, అప్పటికి ఆ బ్యాచ్ వెళ్లిపోయింది కదా అంటారు. నిజమే, వాళ్లకు లాభం లేదు. వాళ్ల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఉంది. ఒక్క పేపర్‌నైనా మార్చడానికి ఆ మాట పనికొస్తుంది. బోధన్ ఫ్యాక్టరీ 2002లో ప్రైవేటు చేతికి పోయి, 2015 డిసెంబర్‌లో మూతపడింది. చుట్టూ చాలా పొలాలు చెరకు నుంచి వరికి మళ్లాయి. చక్కెర విలోమం మాత్రం సిలబస్‌లో అలాగే ఉంది. దాన్ని ఇంకా ఎలా చెప్పాలో, దాని పక్కన పసుపును చేర్చాలో లేదో, కోర్సు పూర్తిచేసి బతుకు వెతుక్కున్న ఈ జిల్లా పిల్లలను ఎవరైనా అడిగారా?

ఈ సెమిస్టర్ చివర ఫారం చేతికొచ్చినప్పుడు, విద్యార్థులారా, మీకో మాట. "గుడ్" అని రాసి లేవకండి, కోపంతో "వేస్ట్" అని కూడా రాయకండి. చివర్లో సూచనలకని వదిలే ఖాళీ జాగాలో తెలుగులో రాయండి: ఏ వారం క్లాసు జరగలేదో, ఏ ప్రయోగం చేత్తో చేయలేదో, ఏ పాఠం దగ్గర దారి తప్పారో, ఏ రోజు ఏ మాట అర్థమై ఊపిరి పీల్చుకున్నారో. పేరు గుర్తుపడతారని భయమైతే పదిమంది కలిసి ఒకే కాగితం రాయండి. ప్రొఫెసర్లూ, ఆ కాగితాలు మీ చేతికి ఇవ్వమని మీరే అడిగి తీసుకోండి. విభాగాధిపతులు మాత్రం ఒక పని చేయాలి: కిందటి ఏడాది పిల్లలు ఏం చెప్పారో, దాన్ని బట్టి ఈ ఏడాది ఏం మార్చారో, ఏది ఎందుకు మార్చలేకపోయారో ఒక పేజీలో రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. అది పెట్టలేని విభాగం ఫారాలు పంచడం మానుకోవాలి.